ఫ్లింట్‌లాక్ అంటే రాతి తాళమా?

మ్యూజియం కోసం ఒక బోర్డు తెలుగు చేస్తున్నాను. బ్రిటిష్ గుర్రపు దళం వాడిన 'లైట్ డ్రాగూన్ ఫ్లింట్‌లాక్ పిస్టల్' అది. 'రాతి తాళపు పిస్తోలు' అని రాశాను గానీ మనసొప్పడం లేదు. పెద్దలు చెప్పండి.

— తాళం వద్దండీ బాబూ, బీరువా గుర్తొస్తుంది! ఇక్కడ లాక్ అంటే తుపాకి పక్కన బిగించే, మందుకు నిప్పంటించే సరంజామా. ఫ్లింట్‌కు మనకు చెకుముకి ఉండనే ఉంది. అగ్గిపెట్టెలు లేని రోజుల్లో చుట్ట ముట్టించుకోవడానికి రాయి, ఉక్కుముక్క, కాస్త దూది సంచిలో వేసుకు తిరిగేవారు కదా. పిస్తోలు చేసేదీ అదే పని. మీట నొక్కగానే రాయిని కరిచి పట్టుకున్న కొక్కెం దూకి ఉక్కు పలకను గీరుతుంది. పలక ముందుకు తిరగబడి, కింద చిన్న పళ్ళెం తెరుచుకుంటుంది. అందులోని సన్నమందు మీద రవ్వలు పడి భగ్గుమంటే, ఆ మంట బెజ్జంలోంచి గొట్టంలోని మందుకు పాకుతుంది. 'చెకుముకి పిస్తోలు' అనండి, చాలు.

— ఆ కొక్కెం సంగతి తమాషాగా ఉంటుంది. ఇంగ్లిష్‌వాళ్ళకు అది కోడిపుంజు, ఫ్రెంచివాళ్ళకు కుక్క. హిందీలో 'ఘోడా దబానా' (గుర్రాన్ని నొక్కడం) అంటే మీట నొక్కడం. మొత్తానికి తుపాకిలో ఒక జంతువుండాల్సిందే!

— మేడమ్, డ్రాగూన్‌ను పొరపాటున 'డ్రాగన్ దళం' చేసేరు. ఆ పేరు డ్రాగన్ అనే ఒక పొట్టి తుపాకి మీదుగా ఈ గుర్రపు సైనికులకు వచ్చిందంటారు. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే యుద్ధంలో బ్రిటిష్ 19వ లైట్ డ్రాగూన్లు మద్రాసు దేశీ అశ్వదళాలతో కలిసి మరాఠాల మీదికి దూకారు.

— అయితే పిస్తోళ్ళతోనే గెలిచారా?

— కాదు, కత్తులతో. పిస్తోళ్ళు జీను ముందు తోలు తిత్తుల్లో ఉండేవి. ఒక్కోదాంట్లో ఉన్నది ఒక్క గుండు. అది పేలాక, దౌడు తీసే గుర్రం మీద పళ్ళెంలో మందు పోయడం ఎవరి తరం? గొట్టంలోకి మందూ గుండూ కూరే కడ్డీ చేయి జారి పోతోందని, తర్వాత వచ్చిన 9 అంగుళాల గొట్టపు నమూనాల్లో దాన్ని గొట్టానికే కీలుతో బిగించేశారు.

— ధన్యవాదాలు. 'లైట్ డ్రాగూన్ గుర్రపు రౌతుల చెకుముకి పిస్తోలు' అని పెడుతున్నా.

— గుర్రపు తీసేయండి మేడమ్. రౌతంటేనే గుర్రమెక్కినవాడు.