గేలిక్ పాట పాత రికార్డింగు ఎలా వెతకాలి, నొటేషన్ ఎలా రాయాలి, ఎంతవరకు పంచుకోవచ్చు?

తంబురా_తీగ అడిగిన ప్రశ్న:

స్కాట్లండ్ పడమటి దీవుల్లో ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, తడి ఉన్ని బట్టను బాదుతూ పాడే పాటలున్నాయి కదా, గేలిక్‌లో ఓరన్ లుయ్ అంటారు. అలాంటి ఒక పాట మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. నొటేషన్, తెలుగు లిపిలో సాహిత్యం, అర్థం కూడా ఇవ్వాలి. చేతిలో ఉన్నవి రెండే: ఒక బృందం సీడీ, నెట్‌లో దొరికిన ఏబీసీ నొటేషన్ ఫైలు (స్వరాలను ఇంగ్లీషు అక్షరాలతో మామూలు టెక్స్టుగా రాసే పద్ధతి). ఈ రెండూ పొసగడం లేదు. ఫైలు వాయిస్తే నిషాదం అరమెట్టు ఎక్కువ పలుకుతోంది. సీడీలో 5 చరణాలుంటే ఇంకోచోట 14 కనిపించాయి. పాట పేరుతో వెతికితే పాత రికార్డింగులు రావడం లేదు. దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి? ఏది పోస్టు చేయొచ్చు, ఏది కూడదు?

పాతటేపులు:

ముందు సీడీని పక్కన పెట్టండి. బృందాలు చరణాలు తగ్గిస్తాయి, రెండు పాటల్ని కలుపుతాయి, గిటార్‌కు అనువుగా స్వరం సర్దుకుంటాయి. అందులో తప్పేమీ లేదు, కాకపోతే అది ఆ బృందం పాఠం. మీకు కావలసింది ఫలానా గాయని, ఫలానా ఊళ్లో, ఫలానా ఏడాదిలో పాడిన పాఠం.

అది దొరికే చోటు టోబర్ అన్ డూఅల్ఖిష్ వెబ్‌సైటు. 1951లో ఎడింబరా విశ్వవిద్యాలయంలో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ టేపులు, బీబీసీ టేపులు, కానా దీవిలో జాన్ లోర్న్ క్యాంబెల్ పోగుచేసిన సేకరణ, ఈ మూడింటి నుంచీ వేల రికార్డింగులు అక్కడ వినొచ్చు.

పేరుతో వెతికితే రాకపోవడానికి కారణం, ఈ పాటలకు స్థిరమైన పేరు లేదు. ఒకరు మొదటి చరణాన్ని పేరుగా రాస్తారు, మరొకరు పల్లవి ముక్కను. అందుకని పాట మధ్యలో వచ్చే ఊరి పేరో, మనిషి పేరో, అరుదైన మాటో పట్టుకుని వెతకండి. అప్పుడూ రెండు చిక్కులుంటాయి. మొదటిది, గేలిక్‌లో మాట మొదటి హల్లు మారుతుంది. మన గసడదవాదేశ సంధిలో ‘వారు పోరు’ కాస్తా ‘వారు వోరు’ అయినట్టే, పడవను చెప్పే మాటలో మొదటి బి పక్కన హెచ్ చేరి ‘వ’ అని పలుకుతుంది. హెచ్ ఉన్న రూపం, లేని రూపం రెండూ వేసి చూడాలి. రెండోది వర్ణక్రమం. 1981లో వచ్చిన కొత్త నియమాలు ఒక రకం యాసగుర్తునే, ఎడమవైపు వాలేదాన్నే, ఉంచాయి. పాత పుస్తకాల్లో రెండు రకాలూ ఉంటాయి. ఇల్లు అనే మాట అప్పట్లో టి-ఐ-జి-హెచ్, ఇప్పుడు టి-ఎ-ఐ-జి-హెచ్.

జానపద గీతాలకు సంఖ్యలిచ్చే రౌడ్ సూచికలో మాత్రం సమయం వృథా చేయకండి. అది ఇంగ్లీషు, స్కాట్స్ పాటలకు. ఈశాన్య స్కాట్లండ్ బ్యాలడ్ (కథాగేయం) అయితే అక్కడ మొదలుపెట్టి 8 సంపుటాల గ్రేగ్–డంకన్ సేకరణకు వెళ్లొచ్చు, గేలిక్ పాటకు కాదు.

అచ్చులో ఉన్నవాటిలో ముందు చూడాల్సింది క్యాంబెల్, ఫ్రాన్సిస్ కాలిన్సన్ తెచ్చిన ‘హెబ్రిడియన్ ఫోక్‌సాంగ్స్’, 1969, 1977, 1981ల్లో మూడు సంపుటాలు. మొదటి సంపుటం సాహిత్యం సౌత్ ఊయిస్ట్ దీవిలో 1893లో రాసుకున్నది. మీది స్కై దీవి పాటైతే ఫ్రాన్సెస్ టోల్మీ సేకరించిన 105 పాటల్ని చూడండి, ఫోక్‌సాంగ్ సొసైటీ పత్రికలో 1911లో వచ్చాయి. 1909 నుంచి వచ్చిన మార్జొరీ కెనెడీ-ఫ్రేజర్ సంపుటాల నుంచి మాత్రం వరస తీసుకోకండి. అవి పియానో కచేరీకి మలిచినవి.

5 చరణాలా 14 చరణాలా అన్నది అసలు సమస్యే కాదు. ఈ పాటల్లో చరణాలు ఒక పాట నుంచి ఇంకో పాటకు వలసపోతూనే ఉంటాయి. పాటను గుర్తించడానికి పల్లవిలోని ‘హీ రీ, హో రో’ లాంటి అక్షరాలే ఎక్కువ ఆధారం. అర్థం లేదని వాటిని వదిలేస్తే పాట ఆనవాలే పోతుంది. ఒక్కో గాయనికి ఒక్కో నిలువు గడి, ఒక్కో చరణానికి ఒక్కో అడ్డ వరుస చొప్పున పట్టిక వేయండి. ఎవరి దగ్గర ఏది ఉందో కనిపిస్తుంది. అన్నీ కలిపి ‘పూర్తి పాట’ ఒకటి కట్టాలనే కోరిక పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి, అలాంటి పాటను ఎవరూ ఎప్పుడూ పాడలేదు.

స్వరలేఖ:

నిషాదం సంగతి. ఫైలు తెరిచి ‘కె’ అని ఉన్న వరుస చూడండి, పాట ఏ మెట్లలో ఉందో చెప్పేది అదే. అక్కడ ఒట్టి ‘ఎ’ అనే ఉండి ఉంటుంది. అంటే ఎ మేజర్, శంకరాభరణం మెట్లు, కాకలి నిషాదం. వరస ఎ మీద ఆగింది కదా అని రాసినవాళ్లు అలా పెట్టేస్తారు. ఈ పాటల్లో చాలావాటికి కావలసింది కైశికి నిషాదం, అంటే హరికాంభోజి మెట్లు. ‘ఎ’ పక్కన ‘మిక్స్’ (మిక్సొలిడియన్‌కు పొట్టిరూపం) చేర్చితే జి దానంతటదే షార్ప్ లేని స్వరమవుతుంది. అయితే రికార్డింగు విన్నాకే మార్చండి, ఖరహరప్రియ మెట్ల పాటలూ ఉన్నాయి, మోహనంలా ఐదు స్వరాలవీ ఉన్నాయి. పోలిక మెట్ల వరకే. వ్యాసంలో ‘ఇది హరికాంభోజి రాగం’ అని రాయకండి. పైగా ఆఖరి స్వరమే షడ్జమం అనుకోకూడదు. మళ్లీ పల్లవిలోకి తిప్పడానికి రిషభం మీదో పంచమం మీదో వదిలేసే వరసలు చాలా ఉన్నాయి.

రాసే పద్ధతి: ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ‘టెంపో’ మార్చే ఎంపికతో వేగాన్ని 50–60 శాతానికి తగ్గించండి. ‘స్పీడ్’ మారిస్తే శ్రుతి కూడా దిగిపోతుంది. ముందు పల్లవి రాయండి, అది పదిసార్లు వస్తుంది కాబట్టి ఒకచోట వినపడనిది ఇంకోచోట దొరుకుతుంది. చరణానికి నమూనాగా మూడోదాన్ని తీసుకోవడం మేలు, అప్పటికి గొంతు శ్రుతిలో కుదురుకుంటుంది. మాటల అక్షరాల లెక్కను బట్టి ప్రతి చరణంలో స్వరం కాస్త మారుతుంది, ఆ తేడాలు కింద విడిగా ఇవ్వండి. పాత టేపుల్లో చాలాసార్లు ఒక్కరే పాడతారు, చరణానికీ పల్లవికీ మధ్య ఊపిరి కోసం ఆగుతారు. దాన్ని విరామంగా రాస్తే తాళం తప్పుతుంది. బల్ల దగ్గర ఆ చోట మిగతావాళ్లు అందుకుంటారు, దెబ్బ ఆగదు.

ఫైల్లో స్వరాలకు పైన ఉండే వరుసల్లో ఎక్స్ (పాట సంఖ్య) ముందు, టి (పాట పేరు) రెండోది, కె చివర. ఒక్కో స్వరాక్షరం నిడివి చెప్పే ‘ఎల్’ తప్పకుండా రాయండి. రాయకపోతే 6/8లో ఎనిమిదో వంతు, 2/4లో పదహారో వంతు ప్రమాణంగా తీసుకుంటుంది, పాట రెట్టింపు వేగంతో పరుగెత్తుతుంది. ‘ఎస్’ వరుసలో గాయని, ఊరు, ఏడాది, టేపు సంఖ్య. ‘జడ్’లో రాసినవారి పేరు. ‘ఎన్’లో గాయని అసలు శ్రుతి. పాత టేపు సరైన వేగంతో తిరిగిందన్న నమ్మకం లేదు గనుక దాన్ని ‘సుమారు’ అనే రాయండి.

గాలిసంచి:

పైన చెప్పినదానికి చిన్న చేర్పు. బ్యాగ్‌పైప్ వరసలకు కె వరుసలో పెద్ద హెచ్, చిన్న పి పెట్టాలి, అప్పుడు ఎఫ్, సి షార్ప్‌గా, జి షార్ప్ లేకుండా వస్తాయి. రెండూ పెద్దక్షరాలైతే గుర్తులేవీ కనపడవు, కొత్తవాళ్లు తప్పు చదువుతారు. పైప్ మీద ఎ అని రాసింది ఇప్పుడు బి ఫ్లాట్ కంటే కాస్త పైనే పలుకుతుంది. రికార్డింగుతో హార్మోనియం కలవకపోతే తప్పు మీ చెవిది కాదు.

తంబురా_తీగ:

కె వరుసలో ఒట్టి ‘ఎ’ ఉన్నమాట నిజమే. మార్చి రికార్డింగుతో పోల్చాను, కలిసింది. ఇక తెలుగు లిపి సంగతి చెప్పండి. ఇంగ్లీషు అక్షరం చూసి బి ఉన్నచోట ‘బ’ రాస్తున్నాను, వింటే ‘ప’లా ఉంది.

అక్షరశోధన:

మీ చెవే సరైనది. గేలిక్‌లో బి, డి, జి మాట మొదట్లో నాదం లేకుండా పలుకుతాయి, అంటే మన ప, త, క. పి, టి, సి ఒత్తి పలుకుతాయి, అంటే నిజమైన ఫ, థ, ఖ. ఇంగ్లీషు లిపిలో కనపడని ఈ తేడా మన లిపిలో చక్కగా ఇమిడిపోతుంది. ఆ లెక్కన టోబర్ కూడా ‘థోపర్’ అవుతుంది. మాట మధ్యలో టి ముందు చిన్న హకారం వస్తుంది, పడవ ‘పాహ్త’ అవుతుంది, మారిన రూపం ‘వాహ్త’. సి-హెచ్ గొంతు రాపిడి ధ్వని, దానికి మనకు అక్షరం లేదు. ఖ కింద చుక్క పెట్టండి. ఫ అంటే ఇంగ్లీషు ఎఫ్ కాదని, ఒత్తు ప అని ముందే ఒక వాక్యం రాయకపోతే అందరూ తప్పే చదువుతారు. గేలిక్ పాఠాన్ని చూసి కాకుండా టేపు విని రాయండి, ఎందుకంటే లూయిస్ దీవి పలుకుబడి వేరు, ఊయిస్ట్ పలుకుబడి వేరు.

పాతటేపులు:

హక్కుల సంగతి మిగిలింది. బ్రిటన్‌లో సాహిత్యానికి, సంగీతానికి రచయిత చనిపోయిన ఏడాది చివరి నుంచి 70 ఏళ్లు. కర్త ఎవరో తెలియని పాత ఓరన్ లుయ్‌కు ఆ చిక్కు లేదు. కానీ గేలిక్ పాటలన్నీ అనామకాలు కావు. 1898లో మరణించిన గేలిక్ కవయిత్రి మారి వోర్ పాటలకు ఇబ్బంది లేదు, 20వ శతాబ్దపు ఊరి కవి పాటకు మాత్రం ‘సంప్రదాయం’ అని ముద్ర వేయడం తప్పు, హక్కు వారసులది కావచ్చు. ముందు కర్త ఉన్నారేమో చూడండి.

అనువాదానికి వేరే హక్కు. క్యాంబెల్ 1996లో చనిపోయారు, ఆయన ఇంగ్లీషు అనువాదం 2066 చివరిదాకా రక్షణలోనే ఉంటుంది. దాన్ని తెలుగు చేయకండి, గేలిక్ నుంచే నేరుగా అర్థం రాయండి. డ్వెల్లీ గేలిక్–ఇంగ్లీషు నిఘంటువు పాత మాటలకు బాగా పనికొస్తుంది. రికార్డింగుకు, గాయనికి మళ్లీ విడి హక్కులుంటాయి. టేపు దించుకుని యూట్యూబ్‌లో ఎక్కించకండి, ఆ పేజీకి లింకు ఇవ్వండి. ముక్కైనా వినిపించాలంటే టేపు ఎవరిదో ఆ సంస్థకు రాసి అనుమతి తీసుకోండి.

వ్యాసంలో పాట కిందే గాయని పేరు, ఊరు, ఏడాది, రికార్డు చేసినవారి పేరు, టేపు సంఖ్య రాయండి. స్కూల్ టేపులైతే సంఖ్య ఎస్ఎ అని మొదలై, వెంటనే ఏడాది ఉంటుంది. పేజీ అడుగున ఎక్కడో పెడితే, నొటేషన్ ఒక్కటే కత్తిరించి పంచుకున్నప్పుడు ఆమె పేరు ఊడిపోతుంది. నొటేషన్ బొమ్మలోనే, పేరు కిందే ఉంచండి.