జిప్సీ కింగ్: కమాన్ పట్టీలు మార్చి ఎత్తు పెంచాలి, రోల్ కేజ్ కూడా కావాలా?

రాళ్లదారి_జిప్సీ:
అందరికీ నమస్తే. బండి 2011 మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్ (గుడ్డ పైకప్పు). వెనక ఎదురెదురు బెంచీలే. టైర్లు కంపెనీ సైజు, 205/70 ఆర్15. వారంలో ఊళ్లో తిప్పుతాను, సెలవుల్లో వికారాబాద్ వైపు రాళ్ల దారులు, వానాకాలం నల్లరేగడి బురద, అప్పుడప్పుడు అరకు ఘాట్. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు.

బండి డ్రైవరు వైపు వాలిపోయింది. షాకర్లు (షాక్ అబ్జార్బర్లు) నాలుగూ ఆయిలు కారుతున్నాయి, చిన్న గుంతకే బంప్ స్టాపులు (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మలు) తగులుతున్నాయి. గ్యారేజీలో ఇచ్చిన సలహా: కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఇప్పుడు యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) కింద ఉన్నాయి కాబట్టి వాటిని యాక్సిల్ మీదికి మార్చేస్తే ఐదంగుళాలు లేస్తుంది, 31 అంగుళాల టైర్లు పడతాయి. ఎత్తు పెరిగితే బోల్తా భయం కాబట్టి ఒకటిన్నర అంగుళం జీఐ పైపుతో ఆరు కాళ్ల రోల్ కేజ్ (మనుషుల చుట్టూ పైపుల పంజరం) కూడా కట్టేద్దాం అంటున్నారు.

నా వాడకానికి ఇంత అవసరమా? లేకపోతే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి?

కమాన్_కట్ట:
అవసరం లేదండి. మీ బండికి రోగం పట్టీల్లోనూ బుష్‌ల్లోనూ ఉంది, ఎత్తులో కాదు.

ముందు టేపు పట్టుకోండి. చదునైన నేల మీద నాలుగు చక్రాలకీ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. తర్వాత షాకిల్ (పట్టీ కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) పిన్నులు, బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు) చూడండి. బుష్ అరిగి పిన్ను ఒక పక్కకు తింటే కూడా బండి వాలినట్టే కనిపిస్తుంది. అవి బాగుండీ కుడి ఎడమల మధ్య 15 మి.మీ. పైన తేడా ఉంటే పట్టీలు కుంగినట్టే.

కుంగిన పట్టీలను గ్యాస్ మంటతో కాల్చి వంపు పెట్టించకండి. ఆటోనగర్‌లో చాలా చోట్ల అదే చేస్తారు, సాయంత్రానికి బండి లేచి నిలబడుతుంది కూడా. కానీ స్ప్రింగ్ స్టీలుకు టెంపర్ పోతుంది, కొన్ని నెలల్లో మళ్లీ కుంగుతుంది, లేదా కాల్చిన చోటే విరుగుతుంది. కొత్త కట్ట (పట్టీల సెట్టు) చేయించండి. ఖాళీ బండి మీద 40 మి.మీ. లేచేలా వంపు అడగండి. అంతకు మించొద్దు.

ఇంకొకటి, "ఒక మందం పట్టీ ఎక్కువ వేద్దాం" అంటే ఒప్పుకోకండి. పట్టీ గట్టితనం మందం ఘనంతో పెరుగుతుంది. 6 మి.మీ. బదులు 7 మి.మీ. పట్టీ వేస్తే ఆ ఒక్క పట్టీయే దాదాపు 1.6 రెట్లు గట్టిపడుతుంది. జిప్సీ బరువే సుమారు ఒక టన్ను. గట్టి కట్ట మీద ఖాళీ బండి వెనక భాగం కంకర రోడ్డు మీద ఎగిరెగిరి పక్కకు జారుతుంది, రాళ్ల మీద చక్రం గాల్లో తేలుతుంది. దానికి బదులు సన్నటి పట్టీలు ఎక్కువ పెట్టించండి. 5 మి.మీ.వి రెండు కలిపినా గట్టితనం 6 మి.మీ. పట్టీకి ఒకటింపావు రెట్లు కూడా కాదు, పైగా సన్న పట్టీ విరక్కుండా ఎక్కువ వంగుతుంది. కట్ట చుట్టూ ఉండే క్లిప్పులు పట్టీలను మరీ బిగించి పట్టుకోకూడదు, కిందికి దిగే చలనం అక్కడే ఆగిపోతుంది.

పొడవు షాకిళ్ల సంగతి. షాకిల్ 50 మి.మీ. పెంచితే ఎత్తు 25 మి.మీ. మాత్రమే వస్తుంది. జిప్సీకి ముందు షాకిల్ పట్టీ ముందు కొసన ఉంటుంది కదా, అది పొడుగైతే పట్టీ ముక్కు కిందికి దిగి కాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. మీటరు పొడవు పట్టీకి 50 మి.మీ. అంటే దాదాపు 3 డిగ్రీలు. హైవే మీద స్టీరింగు తేలిపోతుంది, మలుపు తర్వాత తనంతట తాను తిరిగి రాదు. యాక్సిల్ కింద మందం ముందుకు ఉండేలా చీలిక ప్లేటు పెట్టి సరిచేయొచ్చు, కానీ అప్పుడు పినియన్ (యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్‌లోకి వెళ్లే గేరు) ముక్కు కిందికి దిగి, దానికి శక్తి మోసే ప్రాపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది. ఒకటి దిద్దితే ఇంకొకటి పోతుంది. మరీ పొడవు షాకిల్, మెత్తటి పట్టీ కలిస్తే చక్రం పూర్తిగా వేలాడినప్పుడు షాకిల్ వెనక్కి తిరగబడి ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. అందుకే షాకిళ్లు కంపెనీ పొడవులోనే ఉంచండి.

షాకర్లు పేరు చూసి కొనకండి, కొలిచి కొనండి. పట్టీలు వేశాక పాతవి విప్పేసి, ఒక చక్రం జాకీతో బంప్ స్టాప్ తగిలేదాకా ఎత్తి పై కొక్కెం నుంచి కింది కొక్కెం దాకా కొలవండి. తర్వాత ఛాసిస్ ఎత్తి చక్రం పూర్తిగా వేలాడనిచ్చి కొలవండి. ఉదాహరణకు 350, 515 వచ్చాయనుకుందాం. మూసినప్పుడు 330 లేదా తక్కువ, తెరిచినప్పుడు 530 లేదా ఎక్కువ ఉన్న షాకర్ కావాలి. మూసిన పొడవు సరిపోకపోతే బంప్ స్టాప్‌కు ముందే షాకర్ అడుగు తగిలి, రాడ్డో కొక్కెమో విరుగుతుంది. పొడవు షాకర్ ఒక్కటే దొరికితే ఆ తేడా మేరకు బంప్ స్టాప్ కిందికి దించాలి.

టైర్లు 215/75 ఆర్15 చాలు. వ్యాసం 668 నుంచి 703 మి.మీ. అవుతుంది, డిఫరెన్షియల్ కింద ఖాళీ 17 మి.మీ. పైన పెరుగుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: పట్టీలు ఎంత లేపినా యాక్సిల్ లేవదు, టైరే లేపాలి. 235/75 వేస్తే 33 మి.మీ. వస్తుంది గానీ స్పీడోమీటరు దాదాపు 10 శాతం తక్కువ చూపిస్తుంది, ఫెండరు లోపల తగిలే చోట్లు వెతుక్కోవాలి, క్లచ్ మీద భారం పెరుగుతుంది.

పైపు_పని:
సస్పెన్షన్ గురించి పైన చెప్పినది సరిగ్గా ఉంది. నేను కేజ్ గురించి చెప్తాను.

ముందు జీఐ పైపు మాట మర్చిపోండి. అది నీళ్ల పైపు. ఒకటిన్నర అంగుళం అని కొంటే బయటి వ్యాసం 48.3 మి.మీ. ఉంటుంది, చూడ్డానికి బలంగానే కనిపిస్తుంది. కానీ బోల్తా దెబ్బకు తట్టుకునే స్టీలు కాదు. పైన జింకు పూత వల్ల వెల్డులో బుడగలు పడతాయి, ఆ పొగ పీల్చడం కూడా మంచిది కాదు. ర్యాలీల కోసం అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ ఎఫ్‌ఐఏ అపెండిక్స్ జె, ఆర్టికల్ 253 అడిగేది ఇది: కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ కార్బన్ స్టీలు, లాగుడు బలం కనీసం 350 న్యూటన్లు చదరపు మి.మీ.కి. మెయిన్ హూప్ (సీట్ల వెనక నిలబడే ప్రధాన వంపు పైపు) 45×2.5 లేదా 50×2.0 (వ్యాసం, గోడ మందం మి.మీ.లో), మిగతా పైపులు 38×2.5 లేదా 40×2.0. వంపు వ్యాసార్థం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లు, అంటే 45 పైపుకి 135 మి.మీ. వంపు దగ్గర పైపు నొక్కుకుపోతే ఆ ముక్క పక్కన పడేయాల్సిందే. పైపు కొన్నాక రెండు కొసల్లోనూ వెర్నియర్ పెట్టి గోడ మందం చూసుకోండి, బిల్లు మీద రాసింది నమ్మకండి.

ఇక మీకు అవసరమా అంటే: ఆరు కాళ్ల కేజ్ అవసరం లేదు. పైగా హానే ఎక్కువ. విండ్‌షీల్డ్ అంచునా తల పక్కనా పైపు వస్తుంది. హెల్మెట్ లేకుండా ఊళ్లో తిరిగే బండిలో చిన్న గుద్దుడుకే కణత పైపుకు కొట్టుకుంటుంది. పైపు చుట్టూ ఏసీ పైపుల నురుగు చుట్టి ప్యాడింగ్ అంటారు, అది వేలితో నొక్కితేనే అణిగిపోతుంది. ఎఫ్‌ఐఏ 8857-2001 గట్టి ప్యాడింగ్ వేరే. అది కూడా హెల్మెట్ ఉన్న తలను దృష్టిలో పెట్టుకుని చేసిందే.

కానీ సాఫ్ట్ టాప్‌లో అసలేమీ లేకుండా ఉండటం కూడా తప్పే. గుడ్డను మోసే సన్న కమ్మీలు బోల్తాలో ఏ పనికీ రావు. ముందు సీట్ల వెనక ఒక మెయిన్ హూప్, లోపల ఒక అడ్డ పైపు ఏటవాలుగా, వెనక్కి ఆసరాగా రెండు బ్యాక్‌స్టేలు. అంతే. 45×2.5 పైపు మీటరుకు 2.6 కిలోలు, 40×2.0 దాదాపు 1.9. మొత్తం ప్లేట్లతో 20 కిలోల దగ్గర ఆగుతుంది. హూప్ పైఅంచు మీ తల కంటే పైనుండాలి, సీటు పూర్తిగా వెనక్కి జరిపినా తలకూ పైపుకూ మధ్య చేయి దూరాలి.

అసలు పని పాదాల దగ్గర. జిప్సీ ఫ్లోరు సన్న రేకు, పైపు దాన్ని పొడుచుకుని కిందికి దిగిపోతుంది. ప్రతి పాదం కింద కనీసం 120 చదరపు సెం.మీ., 3 మి.మీ. ప్లేటు రేకుకు వెల్డ్ చేసి, 8.8 గ్రేడు ఎం8 బోల్టులు మూడేసి. పాదాలు వీలైనంత బాడీ మౌంట్ల పక్కనే పెట్టండి. కొందరు ఫ్లోరుకు బెజ్జం పెట్టి హూప్‌ను నేరుగా ఛాసిస్‌కే వెల్డ్ చేస్తారు. జిప్సీ బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చున్నది, ఛాసిస్ మెలి తిరిగిన ప్రతిసారీ బాడీ ఒకలా పైపు ఒకలా కదులుతాయి. ముందు ఫ్లోరు చీలుతుంది, తర్వాత వెల్డు. మౌంటు రబ్బర్లు పాతవైతే హూప్ పెట్టే ముందే మార్చేయండి.

హూప్ కంటే ముందు చేయాల్సింది సీటు బెల్టులు. ముందు ఇద్దరికీ మూడు పాయింట్ల బెల్టు గట్టిగా పట్టాలి. దారి తప్పి రాళ్లలోకి దిగేటప్పుడు వెనక బెంచీల మీద మనుషులు వద్దు, బ్యాక్‌స్టేలు సరిగ్గా వాళ్ల తలల ఎత్తులోనే వస్తాయి. జాకీ, స్పేర్ నీళ్ల డబ్బా కట్టేసి ఉండాలి.

రాళ్లదారి_జిప్సీ:
ధన్యవాదాలు అన్నా. హూప్ ఉంటే నాలుగు పాయింట్ల హార్నెస్ వేసుకోవచ్చా? ఇంకా, 40 మి.మీ. లేపితే బోల్తా ప్రమాదం ఎంత పెరుగుతుంది?

పైపు_పని:
భుజం పట్టీలు కట్టడానికి హూప్‌లో భుజం ఎత్తుకు అడ్డ పైపు ఉంటేనే. సీటు వెనక నుంచి ఆ పట్టీలు 45 డిగ్రీలకు మించి కిందికి దిగకూడదు. ఫ్లోరుకు కట్టారంటే దెబ్బ తగిలినప్పుడు వెన్నెముక నలుగుతుంది. హూప్ లేకుండా హార్నెస్ అయితే అసలు వద్దు: మనిషి నిటారుగా బిగుసుకుని ఉంటాడు, తల తప్పించుకునే వీలుండదు.

బోల్తా లెక్క. జిప్సీ ట్రాక్ వెడల్పు సుమారు 1300 మి.మీ. గురుత్వ కేంద్రం నేల నుంచి 650 ఎత్తులో ఉందనుకుందాం, స్ప్రింగులు వంగవనీ అనుకుందాం. అప్పుడు 45 డిగ్రీల వాలు దగ్గర దొర్లుతుంది. పట్టీలతో 40, టైర్లతో 17 కలిపి 57 పెరిగితే అది 42.6కు దిగుతుంది. గ్యారేజీ వాళ్లు చెప్పిన ఐదంగుళాలు, 31 టైర్లు కలిపితే సుమారు 187 పెరిగి దాదాపు 38 డిగ్రీలకు వస్తుంది. నిజం బండిలో స్ప్రింగులు ఒక పక్కకు కుంగుతాయి, చక్రం కింద రాయి ఉంటుంది, కాబట్టి అసలు అంకెలు ఇంకా చాలా తక్కువ. ఆరు కాళ్ల కేజ్ బరువు కూడా పైనే పడుతుంది. అంటే బోల్తా నుంచి కాపాడమని పెట్టిన కేజ్ బోల్తాను కాస్త దగ్గరికి తెస్తుంది.

లో_రేంజ్:
పట్టీలు యాక్సిల్ మీదికి మార్చడాన్ని మరీ తీసిపారేయకండి. రాళ్ల మీద పాకించడానికే బండి కేటాయిస్తే దాని పని దానిది. కాకపోతే గ్యారేజీ చెప్పిన లిస్టు సగమే. కొత్త స్ప్రింగ్ ప్యాడ్లు పినియన్ కోణం చూసి వెల్డ్ చేయాలి. బ్రేక్ హోస్‌లు పొడవువి కావాలి, షాఫ్టులు పొడిగించి బ్యాలెన్స్ చేయించాలి. డ్రాగ్ లింక్ (స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఏటవాలైపోయి గుంత తగిలితే స్టీరింగు దానంతట అదే తిరుగుతుంది కాబట్టి దాన్ని పైకి మార్చాలి. లో రేంజ్‌లో (నిదానం, ఎక్కువ బలం గేరులో) యాక్సిలరేటర్ నొక్కితే యాక్సిల్ మెలి తిరిగి పట్టీలు ఎస్ ఆకారంలో వంగుతాయి, దానికి ట్రాక్షన్ బార్ కావాలి. ఇవన్నీ చేయకుండా ఘాట్ ఎక్కించే బండి అది కాదు.

ఒక విషయంలో మాత్రం పైపు_పని గారితో తేడా ఉంది. నిదానంగా పోయే దారుల్లో బండి పక్కకు పడుకుంటుంది గానీ దొర్లదు, హూప్ కూడా అక్కర్లేదంటాను.

పైపు_పని:
పక్కకు పడుకున్నప్పుడే తలుపు మీదుగా తలా చేయీ బయటికి వస్తాయండి, కింద రాయి ఉంటే అంతే. హూప్ ఆ ఖాళీని కాపాడుతుంది. చేయి లోపలే ఉంచుకోవడం హూప్ పని కాదు, మనిషి పని.

కమాన్_కట్ట:
చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్ దాటి మార్చడం నిషేధం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) కింద మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. పట్టీల్లో మార్పు తనిఖీలో ఎవరి కంటా పడకపోవచ్చు, 31 టైర్లు, కేజ్ మాత్రం దూరం నుంచే కనిపిస్తాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మాత్రం అన్నీ బయటికొస్తాయి, ముందే కంపెనీకి రాసి అడగండి. ఎప్పుడైనా ర్యాలీ ఆలోచన వస్తే ఆ ఈవెంటు సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ (ఆ పోటీ ప్రత్యేక నియమాలు) చదివాకే పైపు కొనండి.

వరస: బుష్‌లు, షాకిల్ పిన్నులు, కొత్త కట్టలు, కొలిచి షాకర్లు, టైర్లు, అలైన్‌మెంట్, చివర హూప్. యూ-బోల్టులు (పట్టీలను యాక్సిల్‌కు బిగించేవి) పాతవి మళ్లీ వాడకండి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు ఇవ్వవు. సెంటర్ బోల్ట్ (కట్టను కలిపి పట్టే బోల్టు) తల ప్యాడ్ గుంతలో కూర్చుందో లేదో చూశాకే బిగించండి, లేకపోతే యాక్సిల్ వంకరగా కూర్చుంటుంది. బుష్ బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తి టార్క్‌కు బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. 100 కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మాన్యువల్‌లోని టార్క్‌కు మళ్లీ బిగించండి, 500 దగ్గర ఇంకోసారి. ఒక చక్రం పూర్తిగా వేలాడదీసి స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి బ్రేక్ హోస్ లాగుతోందేమో చూడండి. లాగుతుంటే ఆ రోజు బండి బయటికి తీయకండి.