గుర్మీత్ బావా గారి గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (కావలి):
మా ఊరి హైవే పక్కనున్న పంజాబీ దాబాలో ఒక లారీ డ్రైవరు గారి ఫోనులో, వాయిద్యాలు అందుకోకముందే ఒకే గుక్కలో సాగిపోయే స్త్రీ గొంతు విన్నాను. ఆమె పేరు గుర్మీత్ బావా అని ఆయన చెప్పారు. ఆమె ఎవరు, ఏమిటి ఆ గానం?

జవాబు (ఒంగోలు):
ఆమె పంజాబీ జానపద గాయని. ఆ దీర్ఘాలాపనను 'హేక్' అంటారు. ఆమె దాన్ని దాదాపు 45 సెకన్లు నిలిపేవారు. 1944లో గురుదాస్‌పూర్ జిల్లాలో పుట్టి, ఆడపిల్లల చదువును ఊరు అంతగా పట్టించుకోని రోజుల్లో, పెళ్లయ్యాక భర్త కిర్పాల్ బావా గారి ప్రోత్సాహంతో చదివి ఉపాధ్యాయురాలయ్యారు. ఆయనా గాయకుడే. వారి కచేరీల్లో అల్గోజా, అంటే నోట ఒకేసారి పట్టి ఊదే జంట పిల్లనగ్రోవులు, చిమ్టా అనే పట్టకారు లాంటి తాళవాద్యం, ఢోలకీ తప్ప పెద్ద ఆర్భాటం కనిపించేది కాదు. నా దృష్టిలో ఆ గొంతుకు అంతకు మించి అవసరం కూడా లేదు.

జవాబు (నెల్లూరు):
మన పద్యనాటకాల్లో నటుడు పద్యం చివర రాగం తీస్తే వన్స్‌మోర్ పడుతుంది, హేక్ మాత్రం ఎక్కువగా పాట మొదట్లోనే వస్తుంది. ఊపిరి పట్టు విషయంలో మన రంగస్థల నటులు ఆమెకు తీసిపోరని నా పక్షపాతం.

జవాబు (కందుకూరు):
ఆమె 2021 నవంబరులో అమృత్‌సర్‌లో కన్నుమూశారు. పద్మభూషణ్ 2022లో, మరణానంతరం ప్రకటించారు. కుమార్తె గ్లోరీ బావా గారు ఆ బాణీనే పాడుతున్నారు, వినండి.