ప్రజాస్వామ్యానికి మద్దతును మతాచరణతో పోల్చాలంటే ఏ కొలమానం వాడాలి?

వరల్డ్ వాల్యూస్ సర్వే (చాలా దేశాల్లో ప్రజల విలువలు, అభిప్రాయాలు అడిగే సర్వే) 7వ విడతలోంచి జర్మనీ, ఇండోనేషియా, జోర్డాన్, నైజీరియా తీసుకుని మతాచరణకూ ప్రజాస్వామ్య మద్దతుకూ ఉన్న సంబంధం చూస్తున్నాను. చిక్కంతా మద్దతును కొలవడంలోనే వస్తోంది.

సర్వేలో 238వ ప్రశ్న, అంటే క్యూ238 (ప్రజాస్వామ్య వ్యవస్థ మంచిదా) ఒక్కటే పెడితే దాదాపు ఏ దేశంలోనైనా ఎక్కువమంది 'మంచిదే' అంటారు. కొన్ని దేశాల్లో వాళ్లలో చాలామంది క్యూ235లో ఎన్నికల పట్టింపు లేని బలమైన నాయకుణ్ణీ, క్యూ237లో సైన్యం పాలననూ మెచ్చుకుంటున్నారు. అంటే అది పైపై మద్దతే.

అందుకని ఈ మూడింటినీ కలిపి ఒకే సూచీ చేశాను. 1 అంటే 'చాలా మంచిది', 4 అంటే 'చాలా చెడ్డది' కాబట్టి క్యూ238ని తిరగేశాను. రుణ సంకేత కోడ్‌లన్నీ (-1 'తెలియదు' సహా) తీసేశాను, వెయిట్లు (నమూనా జనాభాను సరిగ్గా ప్రతిబింబించేలా చేసే గుణకాలు) పెట్టాను. మతాచరణకు క్యూ171 (ప్రార్థనా స్థలానికి వెళ్లడం) బదులు క్యూ172 (ప్రార్థన) వాడాను. చాలా ముస్లిం సమాజాల్లో స్త్రీలు మసీదుకు వెళ్లడం తప్పనిసరి కాదు, క్యూ171 వాళ్ల భక్తిని తక్కువ చేసి చూపిస్తుంది. ఇది చాలామంది పట్టించుకోని పొరపాటు.

అయినా ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లావాన్ ప్యాకేజీతో దేశాల మధ్య కొలమాన సమానత (సూచీ అన్ని దేశాల్లో ఒకే విషయాన్ని ఒకేలా కొలుస్తోందా అన్నది) పరీక్షిస్తే, లోడింగ్‌లు (ఒక్కో ప్రశ్నకు సూచీతో ఉన్న సంబంధం బలం) సమానం చేసిన దశలోనే, మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సీఎఫ్‌ఐ 0.01 కంటే ఎక్కువ పడిపోతోంది, అంటే సమానత నిలవడం లేదు. క్యూ237 తీసేస్తే సూచీలో రెండే ప్రశ్నలు మిగులుతాయి, పరీక్షే కుదరదు. క్యూ250 (ప్రజాస్వామ్యం ఎంత ముఖ్యం, 1–10) చేర్చినా మెరుగుపడలేదు.

ఈ స్థితిలో సూచీని వదిలేసి, జవాబుల తీరును బట్టి మనుషులను గుంపులుగా విడదీసే లేటెంట్ క్లాస్ పద్ధతికి వెళ్తే, ఆ గుంపులను ఈ నాలుగు దేశాల మధ్య నమ్మకంగా పోల్చవచ్చా?