పదకొండేళ్లు పికప్ నడిపిన చేతికి కాంపాక్ట్ ఎస్‌యూవీ

టమాటా బండి, మదనపల్లె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా బొలెరో పికప్ నడుపుతున్నాను. మా చుట్టుపక్కల తోటల నుంచి మదనపల్లె మార్కెట్ యార్డుకు, సీజన్‌లో అయితే చెన్నై కోయంబేడు మార్కెట్ దాకా టమాటా తోలడమే నా పని. 25 కిలోల క్రేట్లు యాభై వేస్తే పన్నెండున్నర క్వింటాళ్లు అవుతుంది. ఆ బరువు వెనక ఉన్నప్పుడు బండి రోడ్డును ఎలా పట్టుకుని పోతుందో, లోడు దించి ఖాళీగా వస్తున్నప్పుడు ప్రతి గుంతకూ ఎలా ఎగిరిపడుతుందో నా నడుముకు బాగా తెలుసు. కారు కొనాలన్న ఆలోచన ఇంతవరకు రాలేదు. ఈ ఏడాది మా అమ్మకు వెన్నుపూసలు అరిగాయని డాక్టరు చెప్పి, కుదుపులున్న ప్రయాణాలు మానుకోమన్నారు. నెలకొకసారి ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకని మా బావమరిది దగ్గరున్న డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీని నాలుగు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. నాలుగు మీటర్ల లోపు పొడవు, చేత్తో మార్చే గేర్లు. ఏ కంపెనీదో కావాలనే చెప్పడం లేదు, చెబితే చర్చ బండి నడక నుంచి కంపెనీల మీదకు మళ్లుతుంది.

ముందుగా మంచి మాట చెబుతాను. వాయల్పాడు దాటాక ఒక ఊరి ముందు వరుసగా మూడు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. పికప్‌లో అక్కడ మొదటి గేరుకు దిగి, ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించి దించినా వెనక తొట్టి తలుపు గొలుసులు గలగలమంటాయి. ఎస్‌యూవీని రెండో గేరులో నెమ్మదిగా ఎక్కించి దించాను. వెనక సీటులో కళ్లు మూసుకుని కూర్చున్న అమ్మ, కాసేపటికి కళ్లు తెరిచి, "మూడు దిబ్బలూ ఇంకా రాలేదా?" అని అడిగింది. ఆమె అడిగిన ఆ ఒక్క మాటతో బండి కొనాలని నా మనసులో సగం నిర్ణయం అయిపోయింది.

ఆ మిగతా సగం దగ్గరే ఆగిపోయాను. నాకు నచ్చనివి, అర్థం కానివి మూడు ఉన్నాయి.

ఒకటి, వేగం తెలియడం లేదు. నా పికప్‌కు ప్రభుత్వ నిబంధన ప్రకారం 80 దగ్గర వేగ నియంత్రణ ఉంది. ఆ 80కి చేరేసరికి ఇంజన్ శబ్దం, గాలి శబ్దం, స్టీరింగ్ వణుకు అన్నీ కలిసి ఇక చాలని చెబుతాయి. ఎస్‌యూవీలో పీలేరు దాటిన తరువాత 60లో పోతున్నాననుకుని మీటరు చూస్తే 95 ఉంది. నాకు భయం వేసింది.

రెండు, భాకరాపేట ఘాట్‌లో ఒక మలుపు తరువాత ముందున్న లారీని దాటుదామని మూడో గేరులో, 30 వేగం దగ్గర యాక్సిలరేటర్ తొక్కాను. బండి ఒక క్షణం పాటు ఏమీ వినిపించుకోనట్టు ఉండిపోయి, ఆ తరువాత ఒక్కసారిగా ముందుకు దూకింది. నా పికప్ అదే గేరులో, అదే వేగంలో ఎద్దులాగా ఏకబిగిన లాగుతుంది. ఎదురుగా బండి వస్తూ ఉంటే ఆ ఒక్క క్షణం చాలా పెద్దది.

మూడు, రోడ్డు మంచిగా ఉన్నచోట మెత్తగా పోయిన బండి, అతుకులేసిన తారు మీద 60, 70 వేగంలో గట్టిగా చిన్న చిన్న కుదుపులు ఇచ్చింది. అవి పెద్ద గుంతల కన్నా ఎక్కువగా అమ్మను బాధించాయి. బయలుదేరే ముందు రోజు పంక్చర్ షాపులో, దూర ప్రయాణం కదా అని నాలుగు టైర్లలోనూ గాలి 45 పెట్టించాను కాబట్టి టైర్ల లోపం కాదనుకుంటున్నాను.

ఇక నా ప్రశ్న. ఇవి నేను అలవాటు చేసుకోవలసిన విషయాలా, లేక ఈ తరగతి బండ్లకే ఉన్న పరిమితులా? కొంటే డీజిల్ తీసుకోవాలా, పెట్రోలా? రోజూ ఊరి నుంచి మదనపల్లెకు 14 కిలోమీటర్లు, నెలకొకసారి తిరుపతి, ఇంతే నా వాడకం. పికప్‌ను మాత్రం అమ్మేది లేదు, అది నా జీవనాధారం.

కమాన్ కట్ట, అనంతపురం

అన్నా, నమస్తే. నేను ఇరవై ఏళ్లుగా సస్పెన్షన్ పని చేస్తున్నాను, మీ బొలెరో లాంటి బండ్లకు కమాన్ పట్టీలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు మార్చడమే నాకు రోజువారీ పని. మీ మూడో సందేహానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అమ్మగారి నొప్పికి నేరుగా సంబంధం ఉన్నది అదే.

టైర్ల లోపం కాదన్నారు గానీ, అసలు కారణం ఆ 45 గాలే. పికప్ వెనక టైర్లకు లోడుతో 50 పైన పెట్టే అలవాటు ఉన్నవారందరూ కారుకు కూడా ఎక్కువే మంచిదనుకుంటారు. ఈ తరగతి బండ్లకు కంపెనీలు చెప్పేది సాధారణంగా 32, 33 దగ్గర ఉంటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో రాసి ఉంటుంది. గాలి అంత ఎక్కువ పెడితే టైరు రాయిలా బిగుసుకుని, చిన్న అతుకును కూడా మింగకుండా నేరుగా పైకి పంపుతుంది. పైగా రోడ్డును తాకే భాగం తగ్గడం వల్ల బ్రేకు పట్టు కూడా తగ్గవచ్చు. చల్లని టైర్లలో 33 పెట్టించి, అదే అతుకుల రోడ్డు మీద మళ్లీ నడిపి చూడండి.

ఇప్పుడు పికప్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా చెబుతాను. మీ బండి వెనక ఉన్న కమాన్ కట్ట టన్నుకు పైగా బరువును మోయడానికి లెక్కగట్టి పెట్టినది. లోడు దించేశాక కూడా దాని బిగువు అంతే ఉంటుంది, మోయవలసిన బరువు మాత్రం తొట్టి ఒక్కటే అవుతుంది. అందుకే ఖాళీ బండి ఎగురుతుంది. దానికి తోడు వెనక ఇరుసు, దాని మధ్యలో ఉండి రెండు చక్రాలకూ ఇంజన్ బలాన్ని పంచే డిఫరెన్షియల్ అంతా కలిసి ఒకే బరువైన ముద్ద. చక్రం గుంతలో పడినప్పుడు ఆ ముద్ద మొత్తం కిందికీ పైకీ కదలాలి. కాంపాక్ట్ ఎస్‌యూవీలో ఒక్కడు కూర్చున్నా, ఐదుగురు సామానుతో కూర్చున్నా బరువులో తేడా నాలుగు వందల కిలోల దగ్గరే ఉంటుంది కాబట్టి మెత్తని కాయిల్ స్ప్రింగులు పెట్టగలిగారు. ఈ బండ్లు చాలావరకు ముందు చక్రాలతో నడిచేవే, వెనక డిఫరెన్షియల్ అసలు ఉండదు. ఛాసిస్ (కింది చట్రం) విడిగా, బాడీ విడిగా కాకుండా అంతా ఒకే పెట్టెలా ఉండడం వల్ల వణుకూ శబ్దమూ తగ్గుతాయి.

ఆ మెత్తదనానికి ఒక షరతు ఉంది. ఇల్లు దగ్గరే కదా అని ఆరేడు టమాటా క్రేట్లు డిక్కీలో వేసి, మళ్లీ నలుగురిని ఎక్కించుకుంటే స్ప్రింగులు అడుగుకు కూర్చుంటాయి. నా షెడ్డుకు వచ్చే కార్లలో షాకర్లు త్వరగా పోయినవి, యజమాని రైతో వ్యాపారో అయినవి చాలా చూశాను. బరువు పనికి మీ పికప్ ఉంది కదా, ఆ పని దానికే వదిలేయండి.

రెండో గేరు, కరీంనగర్

నేను కూడా ఆరేళ్లు పికప్ నడిపి, తరువాత కాంపాక్ట్ ఎస్‌యూవీకి వచ్చినవాడినే, కాబట్టి మీ భయం నాకు పూర్తిగా అర్థమైంది. మీరు చెప్పిన ఆ క్షణం ఆలస్యం ఈ తరగతి చిన్న టర్బో ఇంజన్లలో కొంత ఉంటుంది. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టి బలం పెంచేది. పికప్ ఇంజన్ రెండున్నర లీటర్లది, గేర్లు కూడా బరువు లాగడానికి పొట్టిగా పెట్టినవి. అందుకే మూడో గేరులో 30 దగ్గర కూడా అది తన బలంలోనే ఉంటుంది. ఒకటిన్నర లీటర్ల డీజిల్ అదే గేరులో అదే వేగంలో టర్బో పని మొదలుపెట్టే తిప్పుల (నిమిషానికి ఇంజన్ తిరిగే లెక్క) కన్నా కింద ఉంటుంది. తొక్కగానే స్పందన రాదు, టర్బో అందుకున్నాక ఒక్కసారిగా వస్తుంది. ఘాట్‌లో దాటాలనుకున్నప్పుడు ముందే రెండో గేరులోకి దించి, ఇంజన్ తిప్పులు 2000 దగ్గర ఉంచుకుని, అప్పుడు తొక్కండి. మీ పికప్‌లో చెవితో గేరు మార్చే అలవాటు ఉంటుంది, ఇక్కడ మొదటి నెలంతా కంటితో, అంటే తిప్పుల మీటరు చూసి మార్చవలసిందే. మలుపు దగ్గర దాటకూడదన్నది మాత్రం ఏ బండికైనా ఒకటే, మీరు కోపగించుకోరనుకుంటాను.

వేగం విషయంలో, 2019 జులై తరువాత తయారైన కార్లలో 80 దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆగకుండా హెచ్చరిక శబ్దం వస్తుంది. చాలామంది దాన్ని చిరాకుగా చూస్తారు. మీలాంటి వారికి అది నిజంగా పనికొచ్చే వస్తువు, ఎందుకంటే పికప్ మిమ్మల్ని ఎక్కడ ఆపేదో సరిగ్గా అక్కడే అది మోగుతుంది. నేను ఆ శబ్దాన్నే పికప్‌లోని వేగ నియంత్రణ అనుకుని నడిపాను. మూడు నెలలకు నా కాలికి లెక్క తెలిసింది.

ఒక విషయం మీరు రాయలేదు. పికప్‌లో బానెట్ రెండు మూలలూ కనిపిస్తాయి కాబట్టి సందులో ఎంత దూరంలో ఉన్నామో చూసి చెప్పవచ్చు. వీటిలో బానెట్ కిందికి వాలి, ముందు మూలలు కనిపించవు. నేను మొదటి వారంలోనే గుమ్మం దగ్గర ఎడమ మూల గీసుకున్నాను. ఇంటి ముందు రెండు క్రేట్లు నిలబెట్టి, అడుగు దూరం దాకా తెచ్చి, దిగి చూసి, మళ్లీ ఎక్కండి. పదిసార్లు చేస్తే చాలు.

వాకాడు మనవడు, నాయుడుపేట

నేను శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ అనే డబుల్ క్యాబ్ పికప్ (రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి ఉన్నది) నడుపుతున్నాను కాబట్టి పికప్ పక్షం నుంచి ఒక మాట. అమ్మగారి కోసం అని స్పష్టంగా చెప్పారు కనుక, సౌకర్యమైన డబుల్ క్యాబ్ పికప్ తీసుకుంటే రెండు పనులూ జరుగుతాయి కదా అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అది అయిదు మీటర్ల పైన పొడవు, వెనక కమాన్ పట్టీలే. నాకు ఆ బండి ఎంతో ఇష్టం, కానీ మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆయనను ఎక్కించడమే ఒక పని అయింది.

ఇక డీజిలా, పెట్రోలా అన్న దానికి మీ వాడకమే జవాబు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన ప్రకారం వచ్చిన డీజిల్ కార్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో పోవాలి. రోజూ 14 కిలోమీటర్లు, అదీ ఊళ్ల మధ్య ఆగుతూ పోతే మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది. నెలకొకసారి తిరుపతి ప్రయాణం దాన్ని శుభ్రం చేయవచ్చు, కానీ దాని మీదే ఆధారపడకూడదు. మీకు పెట్రోలే సరిపోతుంది. ధర లెక్క చూసుకున్నా, 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు బండ్లలో పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్నవాటికి జీఎస్టీ 18 శాతమే. పెట్రోల్‌లో ఇంజన్ ఆ 1200 దాటినా పన్ను 40 శాతానికి పోతుంది కాబట్టి పొడవు ఒక్కటే చూసి మోసపోకండి.

టమాటా బండి, మదనపల్లె

ముగ్గురికీ ధన్యవాదాలు. బండి ఇంకా రెండు రోజులు నా దగ్గరే ఉంది కాబట్టి చెప్పినవన్నీ చేసి చూశాను.

కమాన్ కట్ట అన్నా, తలుపు స్తంభం మీద మీరన్న కాగితం ఉంది, 33 అనే రాసి ఉంది. తెల్లవారుజామున టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి దించి, అమ్మను కూర్చోబెట్టుకుని అదే అతుకుల రోడ్డు మీద అటూ ఇటూ ఆరు కిలోమీటర్లు తిప్పాను. కుదుపు పూర్తిగా పోయిందని చెప్పను, కానీ ముందు రోజు చేత్తో నడుము పట్టుకుని కూర్చున్న మనిషి, ఈసారి కిటికీలోంచి చేలు చూస్తూ ఏ తోటలో కాపు ఎలా ఉందో చెబుతూ వచ్చింది. రెండో గేరు గారూ, ఘాట్‌లో మీరు చెప్పినట్టే ముందే గేరు దించి లారీని దాటాను. దాటడానికి తిన్నటి రోడ్డు వచ్చేదాకా ఆగాను కూడా, మీ మాట నాకు కోపం తెప్పించలేదు.

దిగేటప్పుడు మాత్రం నా పాత అలవాటే పనికొచ్చింది. లోడు బండిని ఏ గేరులో ఎక్కిస్తే ఆ గేరులోనే దించాలని మా గురువు నేర్పాడు. రెండో గేరులో ఘాట్ మొత్తం దిగాను, బ్రేకు మీద కాలు పెట్టింది నాలుగైదు సార్లే.

వాకాడు మనవడు గారు ఎక్కడం గురించి రాసింది చదివాక అమ్మ ఎక్కడాన్ని జాగ్రత్తగా చూశాను. పికప్‌లోకి ఆమె పక్కన ఉన్న పిడిని పట్టుకుని కాలు ఎత్తి పెట్టాలి. మా అన్న చిన్న కారులోకి వంగి కిందికి దిగాలి, లేవాలంటే ఇద్దరం చేతులివ్వాలి. ఈ బండి సీటు సరిగ్గా ఆమె తుంటి ఎత్తున ఉంది. వెనక్కి తిరిగి కూర్చుని, రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంది, అంతే. నాకు తలుపు పట్టుకోవడం తప్ప పని లేకపోయింది.

పెట్రోల్ బండినే చూస్తున్నాను. సోమవారం షోరూముకు అమ్మను కూడా తీసుకుపోతాను. మీటరు, బానెట్ నేను చూసుకుంటాను, వెనక సీటు సంగతి ఆమే చెప్పాలి.