ఎర్రకణాల ఎంజైమ్ జీ6పీడీ నార్మల్ అంట, మరి బాబు కళ్లు పచ్చగా ఎందుకు?

గాజువాక అమ్మ:
మా బాబుకి ఏడేళ్లు. పుట్టిన రెండో రోజే కామెర్లొస్తే లైట్ల కింద పెట్టారు, అప్పట్నుంచి కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగానే ఉంటాయి, మా అత్తగారు పసరు వేయించమని ఒకటే గోల. పోయిన నెల జ్వరమొచ్చి హిమోగ్లోబిన్ 5.8కి పడిపోతే రక్తం ఎక్కించారు. పది రోజులాగి టెస్టులు చేస్తే కూంబ్స్ (ఒంట్లోని యాంటీబాడీలే ఎర్రకణాల మీద పడుతున్నాయేమో చూసే టెస్టు) నెగటివ్, హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీలో సికిల్, తలసీమియా లేవు, జీ6పీడీ నార్మల్. ప్లీహం పెరిగింది, పిత్తాశయంలో చిన్న రాళ్లున్నాయి. ఎంజైమ్ లోపం లేదని రాసేశారు. మాది మేనరికం. ఇంకేం అయ్యుంటుంది?

పాడేరు మాస్టారు:
మా మేనల్లుడిది జీ6పీడీ లోపమేనండి. మలేరియాకి ప్రైమాక్విన్ వేసిన మూడో రోజు మూత్రం అచ్చం కాఫీ డికాషన్‌లా వచ్చింది, గాజు గ్లాసులో పట్టి కిటికీ దగ్గర పెట్టి చూశాం. తర్వాత తేరుకున్నాడు. అలాంటి మందో, కలరా ఉండలో తగలనంత కాలం మామూలుగానే ఉంటాడు. మీవాడికి ఏడేళ్లుగా ఆగకుండా ఉందంటే వేరేదేమో.

ల్యాబ్ బాబాయ్:
అమ్మా, చిక్కంతా ఆ పది రోజుల్లోనే ఉంది. ఆ ట్యూబులో దాదాపు సగం దాత రక్తమే అయ్యుంటుంది. దాత కణాల్లో ఎంజైమ్ బాగానే ఉంటుంది కాబట్టి మొత్తం కలిపి నార్మల్ అని వస్తుంది. హెచ్‌పీఎల్‌సీనీ అంతే, పూర్తిగా నమ్మలేం. పైగా చూసింది ఒక్క ఎంజైమ్, ఒక గది చూసి ఇల్లంతా ఖాళీ అన్నట్టుంది. పైరువేట్ కైనేజ్ అని ఎర్రకణాల్లో ఇంకో ఎంజైమ్ ఉంది, అది చూశారా? అది లోపిస్తే ఎర్రకణాలు త్వరగా విరిగిపోయి, మీరు చెప్పినట్టే పుట్టగానే కామెర్లు, ఎప్పుడూ రక్తం తక్కువ, రాళ్లు. జబ్బు జీన్ అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ రావాలి, అందుకే మేనరికం సంగతి ముఖ్యం. ఎర్రకణాలు బంతుల్లా మారే స్ఫిరోసైటోసిస్ అయితే స్మియర్‌లో (రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసేది) మధ్య తెలుపు లేని గుండ్రటి కణాలుంటాయి, ఎర్రకణంలో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే ఎంసీహెచ్‌సీ ఎక్కువొస్తుంది, దానికి ఈఎంఏ టెస్టుంది.

గాజువాక అమ్మ:
స్మియర్‌లో అలాంటివేం రాయలేదు బాబాయ్. మళ్లీ ఎప్పుడు చేయించాలి? ఈలోగా ఐరన్ టానిక్ పట్టనా?

ల్యాబ్ బాబాయ్:
ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ టెస్టు చూడకుండా టానిక్ వద్దమ్మా, పైరువేట్ కైనేజ్ లోపమైతే రక్తం ఎక్కించకపోయినా ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది. ఎంజైమ్ టెస్టుకి రక్తం ఎక్కించాక మూడు నెలలన్నా ఆగాలి. అప్పుడు కూడా రెటిక్ కౌంట్ (కొత్త ఎర్రకణాల లెక్క) పక్కన పెట్టుకునే చదవాలి, ఎందుకంటే కొత్తగా పుట్టిన కణాల్లో ఎంజైమ్ ఎక్కువుండి లోపాన్ని కప్పేస్తుంది. శాంపిల్లోంచి తెల్లకణాలు సరిగ్గా తీయకపోయినా ఇదే గొడవ, వాటిలోనూ ఆ ఎంజైమ్ ఉంటుంది. ఆగలేమంటే ఆ ఎంజైమ్‌కి సంబంధించిన పీకేఎల్ఆర్ జీన్ టెస్టు గురించి హెమటాలజిస్టుని (రక్తజబ్బుల డాక్టరుని) అడగండి, దానికి దాత రక్తంతో పెద్దగా ఇబ్బంది ఉండదు. ప్లీహం తీసేద్దామని ఎవరైనా అంటే, ముందు జబ్బు పేరు తేల్చమనండి.

గాజువాక అమ్మ:
అయితే సంక్రాంతి వెళ్లాకే ఎంజైమ్ టెస్టు. మంగళవారం వెళ్లి జీన్ టెస్టు సంగతి అడుగుతాను. ఇదంతా అత్తగారికి చదివి వినిపించాను, మూతి ముడుచుకున్నారు గానీ పసరు మాట మళ్లీ ఎత్తలేదు.