టమ్మీ టక్ అయి 12 రోజులు: ఒక డ్రెయిన్ ఇంకా ఉంది, సాయంత్రానికి పొట్ట ఉబ్బుతోంది, బాబుని ఎత్తుకోవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. చిన్నవాడు పుట్టాక పొట్ట కండరాలు మధ్యలో విడిపోయాయి. ఎన్ని వ్యాయామాలు చేసినా పొట్ట ముందుకే ఉండేది. ఇంకా ఎన్నో నెల అని అడిగేవాళ్ళు. చివరికి టమ్మీ టక్ చేయించుకున్నాను, ఈ రోజుకి 12 రోజులు. కండరాలు దగ్గరికి లాగి కుట్టారు, వదులు చర్మం తీసేశారు, బొడ్డుకి పై చర్మంలో కొత్తగా చోటు చేసి కుట్టారు.

లోపల చేరే నీరు బయటికి రావడానికి రెండు డ్రెయిన్లు (సన్నటి ట్యూబులు) పెట్టారు. ఎడమది 8వ రోజు తీశారు. కుడిదాంట్లో ఇంకా రోజుకి 40 ఎం.ఎల్. దాకా వస్తోంది. ఇది మామూలేనా? పొద్దున లేచేసరికి పొట్ట పలకలా ఉంటుంది, సాయంత్రం ఐదయ్యేసరికి ఆపరేషన్ తర్వాత పొట్టకి కట్టిన బెల్టు కరిచేస్తోంది. నడుము నిటారుగా పెట్టలేక వంగి నడుస్తున్నాను. అత్తగారితో మాత్రం నాది హెర్నియా ఆపరేషన్ అని చెప్పాం. దాంతో ఆవిడ పథ్యం పెట్టారు. పప్పు తింటే చీము పడుతుందట, వంకాయ దురదట, గుడ్డు వేడట. రెండు పూటలా చారన్నం, బీరకాయ కూర.

అన్నిటికంటే ముఖ్యం, మూడేళ్ళవాడు ఎత్తుకోమని కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నాడు. నొప్పి పెద్దగా లేదు. ఒక్కసారి ఎత్తుకుంటే ఏమవుతుంది?

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

చెల్లీ, నాకు అయి రెండేళ్ళు. ముందు ఆ ఒక్కటి చెప్తాను, ఎత్తుకోకు. నొప్పి తగ్గిందని మనకి ధైర్యం వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. లోపల కండరం మీద వేసిన కుట్లు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటాయి.

నా సంగతి విను. 13వ రోజు పనమ్మాయి రాలేదు. నిండు బకెట్ ఒకటి బాత్రూం నుంచి బాల్కనీ దాకా మోశాను, అంతే, పది అడుగులు. ఆ రాత్రి పక్కకి ఒత్తిగిలితే కుండలో నీళ్ళు కదిలినట్టు లోపల ఏదో కదిలింది. చేత్తో తడితే చర్మం కింద అలలా పోయింది. మర్నాడు చూపిస్తే సిరోమా అన్నారు, అంటే చర్మం కింద నీరు చేరడం. సిరంజితో తీశారు, మళ్ళీ చేరింది, అలా మూడుసార్లు. ఆ చోట స్పర్శ లేదు కాబట్టి సూది గుచ్చినా తెలియలేదు కానీ, ప్రతిసారీ ఆటోలో వెళ్ళిరావడం ఉంది చూశావూ, మన స్పీడ్ బ్రేకర్ల మీద ప్రాణం పోయింది. బకెట్ వల్లే అని డాక్టర్ అనలేదు. నేనైతే దాని మీదే వేస్తాను.

వంగి నడవడం గురించి టెన్షన్ వద్దు. చర్మం బిగుతుగా లాగి కుట్టారు కదా, రెండు వారాల దాకా అలాగే ఉంటుంది. బలవంతంగా నిటారుగా నిలబడితే కుట్టు మీద లాగుడు పడుతుంది. వెల్లకిలా చదునుగా పడుకోకు. నేను ప్లాస్టిక్ కుర్చీని బోర్లించి మంచం తల వైపు గోడకి ఆనించి, దాని మీద రెండు దిండ్లు, మోకాళ్ళ కింద ఇంకొకటి పెట్టుకుని పడుకునేదాన్ని. లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, మోచేయి ఆనించి, కాళ్ళు కిందకి వదిలి లేవాలి. దగ్గు, తుమ్ము వస్తే చిన్న దిండు పొట్టకి అదుముకో.

ఇంకొకటి, లంగా నాడా కట్టకు. పొట్టకి స్పర్శ లేక ఎంత బిగిందో తెలియదు, సాయంత్రం విప్పితే తాడు అచ్చు పడి ఉంటుంది. ముందు బటన్ల నైటీయే హాయి.

జవాబు (ఉప్పల్ నుంచి, సర్జికల్ వార్డులో నర్సుని)

మేడం, డ్రెయిన్ సంగతి చెప్తాను. మామూలుగా 24 గంటలకి 25 నుంచి 30 ఎం.ఎల్. లోపుకి వచ్చి, రెండు రోజులు అలాగే నిలబడితే తీస్తారు. కొందరు సర్జన్లు ఇంకాస్త తగ్గే దాకా ఆగుతారు. కాబట్టి 12వ రోజున 40 అంటే భయపడాల్సిందేమీ లేదు. రోజూ ఒకే టైముకి కొలిచి పుస్తకంలో రాయండి, పక్కనే ఆ రోజు ఎన్నిసార్లు మెట్లెక్కారో కూడా రాయండి. మెట్లు ఎక్కువైన రోజు లెక్క పెరిగితే మీకే అర్థమవుతుంది.

ఖాళీ చేశాక చాలామంది ఒక తప్పు చేస్తారు. బల్బుని, అంటే ట్యూబు చివర నీరు చేరే మెత్తటి బుడ్డిని, పూర్తిగా నొక్కి, నొక్కి పట్టుకునే మూత పెట్టాలి. ఉబ్బి ఉన్న బల్బు ఏమీ లాగదు. దాన్ని సేఫ్టీ పిన్నుతో నైటీకి, గాయం కంటే కిందగా ఉండేలా తగిలించండి. ట్యూబుకి మాత్రం పిన్ను గుచ్చొద్దు, అలా చేసినవాళ్ళని చూశాను. రంగు ఎరుపు నుంచి గులాబీ, తర్వాత లేత పసుపు అవ్వాలి. ఉన్నట్టుండి మళ్ళీ ముదురు ఎరుపైనా, చిక్కబడి వాసనొచ్చినా, 101 డిగ్రీలు దాటి జ్వరమున్నా, కుట్టు చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, అంచు నల్లబడినా ఆ రోజే సర్జన్‌కి ఫోన్ చేయండి.

ఒక్కదానికి మాత్రం సర్జన్ ఫోన్ కోసం కూడా ఆగొద్దు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, లేదా ఆయాసం, ఛాతీలో నొప్పి. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఇంట్లోనే గంట గంటకీ నాలుగడుగులు నడవమనేది అందుకే.

పొట్ట మీద వేడినీళ్ళ సంచీ పెట్టొద్దు. బొడ్డు కింద నెలల తరబడి స్పర్శ ఉండదు, కాలినా తెలియదు. సాయంత్రం ఉబ్బు మూడు నెలల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. ఆవకాయ, అప్పడం కాస్త తగ్గించి చూడండి.

పప్పు తింటే చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, గుడ్డు, పప్పు, పెరుగు, చేప, ఏది పడితే అది తినండి. నొప్పి మాత్రలు కొన్ని మలబద్ధకం చేస్తాయి, ముక్కితే ఆ ఒత్తిడి కుట్ల మీదే. నీళ్ళు బాగా తాగండి, ఇసబ్‌గోల్ వాడొచ్చా అని మీ డాక్టర్‌ని అడగండి.

జవాబు (మియాపూర్ నుంచి)

మా సర్జన్ మూడు వారాలకే బెల్టు తీసేయమన్నారు. ఇక్కడ అందరూ ఆరు వారాలంటారు. ఏది నిజం?

జవాబు (ఉప్పల్ నుంచి)

రెండూ నిజమే. ఎంత చర్మం తీశారు, లైపోసక్షన్ (ట్యూబుతో కొవ్వు లాగేయడం) కూడా చేశారా అన్నదాన్ని బట్టి సర్జన్ చెప్తారు. కోసినవారి మాటే వినండి, నా మాట కాదు. ఎండాకాలమైతే లోపల పలచటి కాటన్ బనియన్ వేసుకుని పైన బెల్టు పెట్టుకోండి. చెమటకి మడతల్లో ఒరుసుకుపోతుంది. బనియన్ ముడత పడకుండా లాగి సరిచేసుకోవాలి, లేకపోతే ఆ ముడతే అచ్చవుతుంది.

ప్రశ్న (ఎల్.బి. నగర్ నుంచి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. దీనికి హెల్త్ ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

అందం కోసం చేయించుకుంటే రాదండీ. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసే ఆపరేషన్లకి, లేదా వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ రాసిస్తేనే పాలసీలు ఒప్పుకుంటాయి. నిజంగా హెర్నియా కూడా ఉంటే ఆ భాగం వరకు ముందే రాతపూర్వకంగా అడగండి. నేను మొత్తం చేతి డబ్బే పెట్టాను. ఇంకా పిల్లల్ని కనాలనుకుంటే మాత్రం ఇప్పుడే వద్దు, చేసిందంతా మళ్ళీ వదులైపోతుంది.

అడిగినవారు (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ థ్యాంక్స్. ఈ రోజు 18వ రోజు. అక్క చెప్పినట్టు కుర్చీ బోర్లించి పడుకున్నాను, మొదటిసారి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్ర పట్టింది. లెక్క 40, 35, 45 (మూడో అంతస్తు, లిఫ్ట్ చెడిపోయిన రోజు), తర్వాత 25, 20. నిన్న డ్రెయిన్ తీసేశారు. లాగుతుంటే లోపల పాము జారినట్టు అనిపించింది, రెండు సెకన్లు.

అత్తగారికి తెలిసిపోయింది. నేను బెల్టు మార్చుకుంటుంటే లోపలికొచ్చారు. ఈ తుంటి ఎముక దగ్గర్నుంచి ఆ తుంటి ఎముక దాకా ఉన్న గీతని, బొడ్డు చుట్టూ కుట్లని చూసి, "హెర్నియాకి ఇంత కోస్తారా అమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇద్దరు పిల్లలయ్యాక తనకీ అలాగే ఉండేదట, నడికట్టు ఎంత బిగించినా లాభం లేకపోయిందట. ఈ పూట ముద్దపప్పు, ఉడకబెట్టిన గుడ్డు పెట్టారు. వంకాయ మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు.

బాబు సంగతి ఎవరైనా చెప్పండి. ఎప్పటిదాకా?

జవాబు (ఉప్పల్ నుంచి)

ఆరు వారాల చెకప్‌లో సర్జన్ సరే అన్నాకే. అప్పటిదాకా నాలుగైదు కిలోలు దాటి ఏదీ ఎత్తొద్దు, మూడేళ్ళవాడంటే 13, 14 కిలోలుంటాడు. గ్యాస్ బండ, వాటర్ క్యాన్ జోలికి అసలు పోవద్దు. మీరు సోఫాలో కూర్చుని పొట్ట మీద దిండు పెట్టుకోండి, వాడినే ఎక్కి పక్కన కూర్చోమనండి. ఎక్కేటప్పుడు మోకాలు పొట్టకి తగలకుండా మీ వారిని దగ్గర నిలబెట్టండి.

అడిగినవారు (కూకట్‌పల్లి నుంచి)

ఇప్పుడే చేశాం. ఎక్కాడు, దిండు లాక్కుని తనే పడుకున్నాడు. ఇంకో దిండు తెమ్మన్నాను.